ఆఫ్రో-అమెరికన్ సింఫనీ

నల్లజాతి అమెరికన్ స్వరకర్త విలియం గ్రాంట్ స్టిల్ (1895–1978) 1930లో రచించిన తొలి సింఫనీ ఇది. నల్లజాతి స్వరకర్త రాసిన సింఫనీని అమెరికాలో పేరున్న ఆర్కెస్ట్రా ఒకటి వాయించడం దీనితోనే మొదలైంది.

నేపథ్యం

స్టిల్ మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో పెరిగారు. ఓబర్లిన్‌లో సంగీతం చదివారు. ‘బ్లూస్ పితామహుడు’గా పేరొందిన డబ్ల్యు.సి. హ్యాండీ దగ్గర పనిచేశారు. ఫ్రెంచి స్వరకర్త ఎడ్గార్ వరేజ్ వద్ద ఆధునిక పద్ధతులు నేర్చారు. నల్లజాతి భక్తిగీతాలైన స్పిరిచ్యువల్స్‌కు కచేరీ వేదికల మీద అప్పటికే మన్నన ఉండేది. బ్లూస్‌ను మాత్రం చవకబారు పాటగా చూసేవారు. స్టిల్ పట్టుబట్టి ఆ బ్లూస్‌నే సింఫనీకి పునాది చేసుకున్నారు.

సంగీత స్వరూపం

కృతిలో నాలుగు భాగాలున్నాయి: తపన, దుఃఖం, హాస్యం, ఆశయం. నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పంక్తులను స్టిల్ వీటికి జతచేశారు.

మొదటి భాగం ఇంగ్లిష్ హార్న్ ఆలాపనతో మొదలవుతుంది. ఆ వెంటనే, మూత బిగించడంతో గొంతు నొక్కిపట్టినట్టు పలికే ట్రంపెట్ ప్రధాన బాణీని ఎత్తుకుంటుంది. బ్లూస్ కట్టుబాటు ప్రకారం అది 12 ఆవర్తాల బాణీ: నాలుగేసి ఆవర్తాల మూడు పాదాలు. పాదం ముగిసిన ప్రతిచోటా ఇతర వాద్యాలు బదులు పలుకుతాయి. గాంధార నిషాదాలు కాస్త దిగి వినిపిస్తాయి. ఇంతా చేసి ఇది ఎక్కడినుంచో తెచ్చిన జానపద గీతం కాదు, స్టిల్ సొంతంగా కట్టినది. ఓబో వినిపించే రెండో బాణీలో స్పిరిచ్యువల్స్ ఛాయ ఉంది. పునరావృత్తిలో ఈ రెండో బాణీ ముందొస్తుంది; చివరి మాట బ్లూస్‌ది.

రెండో భాగం విలంబంలో నడుస్తుంది. మూడో భాగంలో బాంజో వినబడుతుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారి వాద్య సంప్రదాయంలోంచి పుట్టిన ఈ తీగవాద్యాన్ని, తెల్లవారు నల్లరంగు పూసుకుని ఆడే ప్రదర్శనలు నవ్వులపాలు చేశాయి. స్టిల్ దానికి వయొలిన్ల సరసన చోటిచ్చారు. వెక్కిరింతకు వాడిన వాద్యంతోనే పండుగ సంబరం పలికించడం ఈ కృతిలోని గొప్ప సాహసం. నాలుగో భాగం ప్రార్థనాగీతంలా గంభీరంగా సాగి, చివర ద్రుతగతిలో ముగుస్తుంది.

ప్రదర్శనలు, ప్రభావం

1931 అక్టోబరులో హోవార్డ్ హాన్సన్ నిర్వహణలో రోచెస్టర్ ఫిల్హార్మానిక్ దీన్ని తొలిసారి వాయించింది. 1935లో న్యూయార్క్ ఫిల్హార్మానిక్ వాయించింది. 1969లో స్టిల్ కృతిని సవరించారు. స్టిల్ సింఫనీ తొలి ప్రదర్శన తర్వాత, 1933లో ఫ్లారెన్స్ ప్రైస్ సింఫనీని షికాగోలో, 1934లో విలియం డాసన్ సింఫనీని ఫిలడెల్ఫియాలో ఆయా నగరాల ఆర్కెస్ట్రాలు వాయించాయి. తమ జాతి పాటను పెద్ద రూపంలో చెప్పుకోవడానికి నల్లజాతి స్వరకర్తలు ఎవరి అరువూ తెచ్చుకోనక్కరలేదని స్టిల్ తన కృతితో రుజువు చేశారు.