యుద్ధవిమానాలపై హైదరాబాదు పేరు

విజయవాడలో గవర్నర్‌పేట అనే పేట ఉన్నది. ఒక పదవి పేరు అక్కడ ఒక పేటకు స్థిరపడింది. దీనికి విలోమంగా, మన ప్రాంతాల పేర్లు దూరదేశపు విమానదళాలకు స్థిరపడిన సందర్భం చరిత్రలో ఒకటి ఉన్నది. యుద్ధరంగంలో లేని పౌరుల సేవను ప్రభుత్వాలు ఎట్లా సత్కరించాయో, ఆ సత్కారం ఎవరికి చెందిందో తెలుసుకోవడానికి అది మంచి ఉదాహరణ.

రైట్ సోదరులు మొదటిసారి ఎగిరింది 1903లో. పదిహేను సంవత్సరాలు తిరగకముందే విమానం బాంబులు మోసే యంత్రమైంది. యుద్ధం సైనికులతోనే సాగదు. దానికి ధనం కావాలి, కర్మాగారాలు కావాలి. అందుచేత సైనికులు కానివారి యుద్ధసేవను కూడా గౌరవించడానికి ఐదవ జార్జి చక్రవర్తి 1917 జూన్‌లో ‘ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్’ను స్థాపించారు. అందులోని అత్యున్నత శ్రేణి గౌరవం ఆ సంవత్సరమే హైదరాబాదు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు లభించింది. 1918లో ఆయన బ్రిటిష్ ప్రభుత్వానికి ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే బిరుదు కూడా పొందారు.

1917 నవంబరులో ఏర్పడిన 110వ విమానదళానికి విమానాల ఖర్చును నిజాం భరించారు. అవి డి.హెచ్. 9ఎ అనే ఇద్దరు కూర్చునే విమానాలు. చట్రం కొయ్యది, పైకప్పు గుడ్డది. పన్నెండు సిలిండర్ల లిబర్టీ ఇంజను సుమారు 400 అశ్వశక్తిని ఇచ్చేది. విమానాలమీద దాత పేరు, ‘హైదరాబాదు’ అనే పేరు రాయించారు. 1918 సెప్టెంబరు నుండి ఇవి ఫ్రాన్సు నుండి వెళ్లి జర్మనీ పట్టణాలపై బాంబులు వేశాయి. అక్టోబరు 5న వాటిలో ఒకటి జర్మనుల చేత చిక్కింది. అది బెర్లిను ప్రదర్శనశాలకు, రెండవ యుద్ధకాలంలో పోలెండుకు చేరి, చివరకు 1977లో లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకు వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధంలో 152, 253 సంఖ్యల దళాలకు కూడా హైదరాబాదు పేరు వచ్చింది. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటంలో 152వ దళం స్పిట్‌ఫైర్లతోను, 253వ దళం హరికేన్లతోను పాల్గొన్నాయి. 152వ దళపు చిహ్నం నిజాం తలపాగా. దాని నినాదం ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’. ఒక వ్యక్తికిచ్చిన బిరుదు ఈ విధంగా ఒక దళానికి నినాదమైంది.

కృష్ణాజిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. ఈ రాజధాని పేరు 79, 234, 264 సంఖ్యల దళాలకు వచ్చింది. చందాదారుల కోసం బ్రిటిష్ మంత్రి బీవర్‌బ్రూక్ ఒక స్పిట్‌ఫైరుకు 5,000 పౌన్లు వెల కట్టారు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు మారకం గనుక, అది సుమారు 66,700 రూపాయలు. విమానం తయారుకావడానికి నిజంగా అయిన ఖర్చు ఇంతకంటె చాలా ఎక్కువ.

అందరూ ఈ చందాలను ఆమోదించలేదు. 1940 అక్టోబరులో ప్రారంభమైన వ్యక్తిసత్యాగ్రహంలో, మనుష్యులనుగాని ధనాన్నిగాని ఇచ్చి ఈ యుద్ధానికి తోడ్పడరాదని చాటినవారు జైళ్లకు వెళ్లారు. మన అనుమతి లేకుండానే మన దేశాన్ని యుద్ధంలోకి దించారన్నది వారి అభ్యంతరం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. మద్రాసు రాజధాని పేరు ధరించిన మూడు దళాలలో ఏదీ ఆనాడు ఈ తీరంలో లేదు. ఏ దళం ఎక్కడ పోరాడాలో నిర్ణయించే అధికారం పేరునిచ్చిన ప్రాంతానిది కాదు, లండనుది. ఆ తరువాత 79, 110, 152 దళాలు బర్మా యుద్ధరంగంలో పనిచేశాయన్నది కూడా మరువరాదు.

ప్రభువుకు బిరుదు దక్కింది, దళానికి పేరు దక్కింది. అయితే ఆనాటి ప్రభువుల ఆదాయానికి ప్రధానాధారాలలో ఒకటి రైతు కట్టే భూమిశిస్తు. ఆ రైతు పేరు ఏ విమానంమీదా లేదు. ఇటువంటి గౌరవాలను గురించి చదివేటప్పుడు ధనం ఎవరిచ్చారు, ప్రాణం ఎవరొడ్డారు, బిరుదు ఎవరు పొందారు అన్న మూడు ప్రశ్నలను విద్యార్థులు వేసుకోవాలి. ఆ మూడింటికీ ఒకే జవాబు వస్తుందో లేదో చూడడం చరిత్రపఠనానికి మంచి అభ్యాసం.