గ్రాహమ్ రెండు ఊపిరితిత్తులు

1957 ఫిబ్రవరిలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడు ఎవార్ట్స్ గ్రాహమ్, అందుకున్నవాడు ఆల్టన్ ఆక్స్‌నర్. ఇద్దరూ ఛాతీ ఆపరేషన్లలో పేరుమోసిన సర్జన్లు, పాత స్నేహితులు. తన రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యాన్సర్ బయటపడిందనీ, సిగరెట్లు మానేసి కొన్నేళ్లయినా అంతకుముందే జరగాల్సిన నష్టం జరిగిపోయిందనీ ఆ ఉత్తరం సారాంశం. ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు రోగి సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. రోగి మాత్రం తానే.

రెండు వైపులా పాకిందంటే ఇక కత్తికి పని లేదు. ఒక్క వైపే ఉంటే ఆ ఊపిరితిత్తిని తీసేయవచ్చు. అలా మొత్తం తీసేసినా క్యాన్సర్ రోగి బతుకుతాడని లోకానికి చూపించినవాడు ఈ గ్రాహమే.

అది 1933 ఏప్రిల్ 5. బార్న్స్ హాస్పిటల్లో బల్ల మీద ఉన్నది పిట్స్‌బర్గ్‌లో కాన్పుల డాక్టరుగా పనిచేసే జేమ్స్ గిల్మోర్. వయసు 48. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందు ఇంటి వ్యవహారాలు చక్కబెట్టుకుంటానని ఊరెళ్లి, పుచ్చిపోయిన పళ్లు బాగుచేయించుకుని, శ్మశానంలో తనకు జాగా కూడా కొనుక్కుని వచ్చాడని చెబుతారు. బతుకునూ చావునూ సమంగా నమ్మిన మనిషి! ఊపిరితిత్తిలో ఒక భాగం తీస్తే సరిపోతుందని గ్రాహమ్ అనుకున్నాడు. ఛాతీ తెరిచి చూస్తే గడ్డ పెద్ద శ్వాసనాళం దాకా వచ్చేసింది. అంత దూరం వచ్చాక ఆగలేదు. ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశాడు. ఖాళీ అయిన చోటు పూడిపోవడానికి కొన్ని పక్కటెముకలూ తీశాడు. క్యాన్సర్‌కు అలా ఒకే విడతలో ఊపిరితిత్తి మొత్తం తీయించుకుని బతికి బట్టకట్టిన మొదటి మనిషి గిల్మోర్. కోలుకుని మళ్లీ వైద్యం చేసుకున్నాడు. 1963 దాకా ఉన్నాడు.

గ్రాహమ్‌కు అంతకుముందే పేరుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఛాతీలో చీము పట్టి సైనిక శిబిరాల్లో కుర్రాళ్లు పిట్టల్లా రాలిపోతుంటే, తొందరపడి ఛాతీ తెరవడమే వాళ్ల ప్రాణం తీస్తోందని తేల్చిన సంఘంలో ఆయన ఉన్నాడు. పిత్తాశయం ఎక్స్‌రేలో కనబడే పద్ధతిని 1924లో వారెన్ కోల్‌తో కలిసి కనిపెట్టాడు. ఇన్ని చూసిన కళ్లకు చేతిలోని సిగరెట్ మాత్రం చాలాకాలం ఆనలేదు. సిగరెట్ల అమ్మకాలూ ఊపిరితిత్తుల క్యాన్సర్లూ కలిసే పెరుగుతున్నాయని ఆక్స్‌నర్ అంటే, ఆడవాళ్ల మేజోళ్ల అమ్మకాలు కూడా పెరుగుతున్నాయి కదా అని ఎగతాళి చేశాడట. ఆ మాటలో తర్కం లేకపోలేదు. రెండు గీతలు కలిసి పైకి పోయినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

ఎర్నెస్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి వచ్చి, రోగులను అడిగి లెక్క తేలుస్తానన్నాడు. గ్రాహమ్‌కు నమ్మకం లేకపోయినా అడ్డుపడలేదు. 684 మంది రోగుల వివరాలతో ఇద్దరి పేర్లతో వ్యాసం 1950లో వచ్చింది. క్యాన్సర్ వచ్చిన మగవాళ్లలో నూటికి 96 మందికి పైగా ఓ మోస్తరు నుంచి విపరీతంగా సిగరెట్లు తాగేవాళ్లే. గ్రాహమ్ సిగరెట్ మానేశాడు. అంతటితో ఆగక, ఎలుకల వీపుల మీద పొగాకు తారు పూసి, అక్కడ క్యాన్సర్ పుట్టడం 1953లో విండర్‌తో కలిసి చూపించాడు. సిగరెట్ కంపెనీలు బెదిరిపోయి, నెల తిరక్కుండానే పత్రికల్లో పెద్ద ప్రకటనలు వేయించాయి. ఒకప్పుడు తాను ఎగతాళి చేసిన ఆక్స్‌నరే సిగరెట్ మీద పుస్తకం రాస్తే దానికి ముందుమాట రాసిచ్చాడు. తన అలవాటునూ తన వాదాన్నీ ఒకేసారి వదులుకోవడం ఆ స్థాయి పండితులకు ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఆయన్ను వెక్కిరించరు.

1957 మొదట్లో జలుబూ జ్వరమూ లాంటిదేదో పట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి తెలిసింది. మార్చి 4న పోయాడు. 73 ఏళ్లు. ఆయన కోసి బతికించిన గిల్మోర్ అప్పటికింకా ఉన్నాడు.

మానేస్తే లాభం లేదా అంటే, తప్పకుండా ఉంది. ఏటికేడు ముప్పు తగ్గుతూనే ఉంటుంది. కానీ ఎన్నేళ్లయినా అది ఎన్నడూ తాగనివాళ్ల స్థాయికి దిగిరాదు. ఊపిరితిత్తికి లోపల నొప్పి తెలియదు కనుక, చిన్న గడ్డ దగ్గు కూడా రానీయకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. దగ్గులో నెత్తురు పడి, బరువు తగ్గి, ఆస్పత్రికి వెళ్లేసరికి చాలామందికి కత్తి అందని దశ వచ్చేసి ఉంటుంది. మన దగ్గర మరో చిక్కు. వదలని దగ్గుకూ, ఎక్స్‌రేలో మచ్చకూ ముందుగా తట్టేది టీబీయే. టీబీ మందులు మింగుతూ నెలలు గడిచిపోయాక గానీ క్యాన్సర్ అని తేలనివాళ్లు ఎంతోమంది. ఎన్నడూ పొగ ముట్టని ఆడవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

లక్షణాలేవీ లేనప్పుడే గడ్డను పట్టుకోవాలంటే మామూలు ఎక్స్‌రే చాలదు. ఏటా ఎక్స్‌రే తీసి వెతికినా చావులు తగ్గలేదని పెద్ద పరీక్షల్లోనే తేలింది. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ తగ్గిస్తుందని 2011లో తెలిసింది. అమెరికాలో బాగా సిగరెట్లు తాగిన 53 వేల మందికి పైగా మనుషుల్లో ఎక్స్‌రేతో పోలిస్తే స్కాన్ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు ఐదో వంతు తగ్గాయి. స్కాన్‌కూ లోపం ఉంది. అనుమానం కలిగించిన మచ్చల్లో నూటికి తొంభైకి పైగా చివరికి క్యాన్సర్ కావు. పాత టీబీ మచ్చలు ఇన్ని ఉన్న మన దేశంలో ఆ గాభరా ఇంకా ఎక్కువ. అందుకే ఆ స్కాన్ అందరికీ కాదు.

ఎవరికన్నది అమెరికాలో 2021 నుంచి ఇలా చెబుతున్నారు: వయసు 50 నుంచి 80 లోపు ఉండాలి, రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లు తాగినంత పొగ లోపలికి పోయి ఉండాలి, ఇప్పటికీ తాగుతూ ఉండాలి, లేదా మానేసి 15 ఏళ్లు దాటకూడదు. గ్రాహమ్‌కు 73, దశాబ్దాల పాటు విపరీతంగా తాగాడు, మానేసి పదేళ్లు కూడా కాలేదు. మనిషికి మొదటి సీటీ స్కాన్ తీసింది 1971లో.