అరవై ఒకటి, ఏడు వందల అరవై రెండు, ఒక అధోజ్ఞాపిక



తెలుగు పండితుడికి బేస్‌బాల్‌తో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. రెండేళ్ళ క్రితం అట్లాంటాలో మా అమ్మాయి ఇంట నాలుగు నెలలున్నాను. ఒకనాడు భోజనాల వేళ మా మనుమడు, "తాతయ్యా, జాబితాలో బాండ్స్ 762 అని ఉంది, మా కోచ్ ఆరన్ 755 అంటాడు. ఏది ఒప్పు?" అని నిలదీశాడు. ముప్ఫైనాలుగేళ్ళు పేపర్లు దిద్దిన చేయి కదా! "మందు తిని కొట్టినవాటిని కొట్టివేయవలసిందే" అని తడుముకోకుండా తీర్పు చెప్పాను. "మరి మిగిలినవాళ్ళందరూ సమానంగా ఆడారా?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం చదవడం మొదలుపెట్టినవాణ్ణి ఇంతవరకు తేలాను.

హోమ్ రన్ అంటే మన క్రికెట్ సిక్సరుకు దగ్గరి చుట్టం. బంతిని కంచె దాటించి, నాలుగు మజిలీలూ చుట్టి రావడం.

1884లో షికాగో జట్టు ఆటగాడు నెడ్ విలియమ్సన్ ఒకే ఏడాదిలో 27 కొట్టాడు. భీముడేమో అనుకున్నాను. తీరా చూస్తే వారి మైదానపు కంచె ఒక పక్క రెండువందల అడుగుల దూరం కూడా లేదట! అంతకుముందు ఏడు ఆ కంచె దాటిన బంతికి రెండు మజిలీలే ఇచ్చేవారు, ఆ ఏడు నియమం మార్చారు. 27లో 25 ఆ మైదానంలో కొట్టినవే. ఈ లెక్క ముప్ఫై అయిదేళ్ళు చెక్కుచెదరలేదు. 1919లో బేబ్ రూత్ 29 కొట్టి దాన్ని దాటాడు. మరుసటి ఏడు ఏకంగా 54. ఆయన బలాన్ని శంకించను కాని, కాలమూ కలిసివచ్చింది. ఉమ్మి పూసిన బంతి వేయడాన్ని 1920లోనే నిషేధించారు (అలవాటుపడిన కొద్దిమందికి మినహాయింపు ఉండేది). ఆ ఆగస్టులో రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మరణించాడు. అటుపైన మాసిన బంతులను తరచుగా మార్చసాగారు. తెల్లని బంతి కంటికి ఆనుతుంది కదా. 1927 నాటికి రూత్ లెక్క 60కి చేరింది.

1961లో రోజర్ మారిస్ దాన్ని దాటబోతుండగా అసలు చిక్కు వచ్చింది. రూత్ నాడు ఏడాదికి 154 ఆటలు, జట్లు పెరగడంతో ఇప్పుడు 162. జూలైలో కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్, 154 ఆటలలోపు కొడితేనే సరి, లేకుంటే పట్టికలో ప్రత్యేక సూచన ఉండాలని ప్రకటించాడు. ఈ ఫ్రిక్ పూర్వం పాత్రికేయుడు, రూత్ పేరిట వ్యాసాలు వ్రాసిపెట్టినవాడు. న్యాయాధిపతి కక్షిదారుకు ఒకప్పటి లేఖకుడన్నమాట! మారిస్ ఆ ఒత్తిడికి జుట్టు ఊడిపోయి, అక్టోబరు 1న చివరి ఆటలో 61వది కొట్టాడు. చూడటానికి పాతికవేల మంది కూడా రాలేదు. నక్షత్రపు గుర్తు పెట్టారని లోకం నేటికీ అనుకుంటుంది. నిజానికి గుర్తు లేదు, రెండు లెక్కలనూ వేర్వేరు పంక్తులలో వేశారు. 1991లో ఆ భేదం తొలగించేనాటికి మారిస్ పోయి ఆరేళ్ళయింది.

ఇక్కడ నా వృత్తి సంబంధమైన మాట ఒకటి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు అనుమానం కలిగిన పద్యాన్ని చింపి పారవేయరు. గుర్తు పెట్టి, అధోజ్ఞాపికలో కారణం చెబుతారు. అయితే ఒక ప్రతికి గుర్తు పెట్టి, తమకు ఇష్టమైన ప్రతిని వదలివేస్తే అది పరిష్కరణ కాదు, పక్షపాతం. రూత్ పంక్తి కింద ఏ అధోజ్ఞాపికా లేదేం? ఆయన ఆడిన కాలమంతా ఆ లీగులలోకి నల్లవారిని రానివ్వలేదు. జాకీ రాబిన్సన్ అడుగుపెట్టింది 1947 ఏప్రిల్‌లో. మహా బలశాలి జోష్ గిబ్సన్ అదే జనవరిలో, ముప్ఫై అయిదేళ్ళకే కన్నుమూశాడు.

హాంక్ ఆరన్ 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలోనే రూత్ 714ను దాటాడు. అంతకుముందు నెలల తరబడి ఆయనకు చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. ఆ మైదానాన్ని 1997లో కూల్చినప్పుడు బంతి దాటిన చోట గోడ ముక్కను మాత్రం నిలిపి ఉంచారు.

ఇక మందుల మాట. 1994లో సమ్మెతో ప్రేక్షకులు అలిగి దూరమయ్యారు. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 కొట్టేసరికి తిరిగి వచ్చారు. ఆ ఆగస్టులోనే మెగ్వైర్ అలమారులో ఆండ్రోస్టెనెడయోన్ సీసా ఒక విలేఖరి కంటబడింది. ఆ ఆటలో దానిపై అప్పటికి నిషేధం లేదు. విచిత్రమేమంటే చాలామంది తిట్టింది సీసా పెట్టినవాణ్ణి కాదు, చూసినవాణ్ణి! స్టెరాయిడ్లు వాడానని మెగ్వైర్ 2010లో ఒప్పుకొన్నాడు. బారీ బాండ్స్ 2001లో 73 కొట్టి, 2007లో ఆరన్‌ను దాటి, 762 వద్ద ఆగాడు. తెలిసి వాడలేదన్నది ఆయన వాదన. న్యాయవిచారణకు అడ్డుపడ్డాడన్న 2011 నాటి తీర్పును 2015లో కొట్టివేశారు. ఆయన కొట్టిన 756వ బంతిని ఏడున్నర లక్షల డాలర్లకు కొన్న వ్యాపారి, జనం ఓట్లతో దానిపై నక్షత్రపు గుర్తు వేయించి మ్యూజియానికి పంపాడు. మారిస్‌కు పడని గుర్తు చివరికి బాండ్స్ బంతికి పడింది. శిక్షలతో కూడిన పరీక్షలు మొదలైంది 2004లోనే. అంటే తలుపు తీసిపెట్టి దొంగను తిట్టిన యజమానులూ ఇందులో ఉన్నారు. 2022లో కీర్తిమందిరానికి 75 శాతం ఓట్లు కావలసి ఉండగా బాండ్స్‌కు వచ్చినవి 66.

నా తీర్పు మార్చుకున్నాను. 762ను కొట్టివేయకూడదు, ఆ బంతులు కంచె దాటిన మాట నిజం. కాని దగ్గరి కంచె, తెల్లని బంతి, ఎనిమిది అదనపు ఆటలు అందరికీ తెలిసి జరిగినవి. మందు రహస్యం. ఆ రహస్యంలో మోసపోయినవాడు, మందు ముట్టక జట్టులో చోటు కోల్పోయిన అనామకుడు, ఏ పట్టికలోనూ లేడు. నల్లవారిని గుమ్మం బయట నిలిపిన అన్యాయం రహస్యమూ కాదు, ఆటగాళ్ళొక్కరిదీ కాదు. దాని అధోజ్ఞాపిక పుస్తకమంతటికీ వర్తించాలి.

2024లో నీగ్రో లీగుల గణాంకాలను అధికార పట్టికలో కలిపారు. జీవితకాలపు బ్యాటింగ్ సగటులో గిబ్సన్ పేరు మొదటికి వచ్చింది. ఈ సంగతి మొన్న ఫోనులో చెబితే మనుమడు వెంటనే, "అయితే ఆయన హోమ్ రన్లు ఎన్ని తాతయ్యా?" అన్నాడు. కీర్తిమందిరపు ఫలకం మీద దాదాపు 800 అని ఉంది. ఊరూరా తిరిగి ఆడిన ఆటలు అధికార లెక్కకెక్కలేదు కనుక పట్టికలో ఉన్నవి అందులో కొద్దిపాటివే. "సరిగ్గా ఎన్నో చెప్పు" అని వాడింకా పట్టుబడుతున్నాడు.