కామారెడ్డి ప్లాట్‌ఫాం మీద ఎవరి చట్టం?

కామారెడ్డి స్టేషన్‌లో రైలు దిగి ఎల్లారెడ్డి బస్సు ఎక్కినోళ్లు మీలో చాలామందే ఉంటారు. నిజాం కాలంలో ఈ రెండు ఊర్లూ హైదరాబాద్ రాజ్యంలోనివి. బ్రిటిష్ ఇండియా లెక్కలో ఇది వేరే రాజ్యం. అక్కడ నేరం చేసి ఇక్కడికి పారిపోయి వచ్చినవాణ్ణి అప్పగించడానికి 1867లో ఒప్పందం కూడా రాసుకున్నారు. పట్టుకెళ్లాలంటే నిజాం సర్కారును అడగాలి.

రైలు పట్టాల సంగతి మాత్రం వేరు. పట్టాలు, స్టేషన్లు ఉన్న జాగాలో పోలీసు, కోర్టు అధికారాన్ని నిజాం బ్రిటిష్ వాళ్లకు ఇచ్చాడు. అంటే ఊళ్లో నిజాం చట్టం, ప్లాట్‌ఫాం ఎక్కితే తెల్లదొరల చట్టం!

మహమ్మద్ యూసుఫుద్దీన్ ఇరుక్కున్నది ఇక్కడే. ఆయన నిజాం ప్రజ. ఎక్కడో సిమ్లాలో మేజిస్ట్రేట్ ఇచ్చిన వారెంటు మీద ఆయన్ను నిజాం రాజ్యంలోని ఒక రైల్వే స్టేషన్‌లో అరెస్టు చేశారు. ఆ కేసుకూ రైల్వేకూ సంబంధమే లేదు. అయినా జాగా మీద అధికారం మాదే కదా అన్నారు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో తీర్పు వచ్చింది: నిజాం ఇచ్చింది రైల్వే పనులకు సంబంధించిన అధికారమే, ఆ జాగా ఇంకా నిజాం రాజ్యమే, ఈ అరెస్టు చెల్లదు. బ్రిటిష్ సామ్రాజ్యపు పెద్ద కోర్టే ఈ మాట అన్నది, చూడండి! ఆయన నేరం చేశాడా లేదా అన్నది వేరే లెక్క. నిజాం మీద మనకు ఎన్ని కోపాలున్నా, ఆ రోజు ఒక మనిషికి అడ్డం నిలబడింది ఆ రాజ్యపు హద్దే.

కామారెడ్డికి పట్టాలు వచ్చింది ఆ తర్వాత, 1900 ప్రాంతంలో. (ఎల్లారెడ్డికి ఇప్పటికీ రాలేదనుకోండి.)

ఇప్పుడు అప్పగింతలో మనిషి ప్రాణం కూడా లెక్కలోకి వస్తుంది. 2005లో పోర్చుగల్ అబూ సలేంను మనకు అప్పగించింది. ఉరి వెయ్యం, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచం అని మన ప్రభుత్వం మాటిచ్చాకే. ఆ మాట నిలబెట్టుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మన దుబాయ్ ముచ్చట. మన దేశానికీ యూఏఈకీ 1999లో అప్పగింత ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఏ దేశమూ తన పౌరుణ్ణి అవతలి దేశానికి అప్పగించదు. రెండు చోట్లా నేరమే అయితే సొంత దేశంలోనే విచారణకు పెట్టాలి. కాబట్టి అక్కడ కేసున్న మనవాడు ఇంటికి వచ్చేస్తే, ‘నిన్ను మళ్లీ విమానం ఎక్కిస్తాం’ అని ఫోన్లో బెదిరించేవాడి మాట నమ్మక్కర్లేదు. కేసు మాత్రం ఇక్కడి కోర్టుకే రావచ్చు.