నవజాత శిశువుల్లో దీర్ఘకాల కామెర్లు: రోగ నిర్ధారణ చరిత్ర

మెదక్ పట్టణంలో పుట్టిన బిడ్డకు రెండు మూడు రోజుల్లో ఒళ్లు పచ్చబడితే, "పిల్లలకు వచ్చేదే, అదే పోతుంది" అంటారు పెద్దలు. ఈ మాట చాలావరకు నిజమే. అయితే నెలలు నిండి పుట్టిన శిశువులో 14 రోజులు, నెలలు నిండక పుట్టిన శిశువులో 21 రోజులు దాటినా పచ్చదనం తగ్గకపోతే దానిని దీర్ఘకాల కామెర్లు అంటారు. మామూలు కామెర్లను ప్రమాదకరమైన వాటినుంచి వేరు చేయడం వైద్యశాస్త్రం ఎలా నేర్చుకుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనపుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఏర్పడుతుంది. కాలేయం దానిని నీటిలో కరిగే రూపంలోకి మార్చి పైత్యరసంతో బయటికి పంపుతుంది. ఈ రెండు రూపాలూ రసాయన పరీక్షలో వేర్వేరుగా స్పందిస్తాయని 1916లో డచ్ వైద్యుడు వాన్ డెన్ బెర్గ్ గుర్తించాడు. నేటికీ నిర్ధారణకు ఇదే పునాది. పరోక్ష బిలిరుబిన్ మాత్రమే పెరిగితే తల్లిపాల వల్ల వచ్చే హానిలేని కామెర్లు, రక్తకణాలు త్వరగా విచ్ఛిన్నం కావడం, థైరాయిడ్ లోపం వంటివి కారణాలు కావచ్చు. ప్రత్యక్ష బిలిరుబిన్ పెరిగితే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో, కాలేయ వ్యాధి ఉందేమో వెంటనే చూడాలి.

1958లో ఇంగ్లండ్ వైద్యులు కాంతి చికిత్సను ప్రకటించారు. అది పరోక్ష బిలిరుబిన్‌నే తగ్గిస్తుంది; మూసుకుపోయిన నాళాలను తెరవలేదు. వాటికి జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ 1959లో శస్త్రచికిత్సను వివరించాడు. బిడ్డకు 60 రోజులు నిండకముందే చేస్తే దాని ఫలితం మెరుగ్గా ఉంటుంది. అప్పటినుంచి త్వరగా గుర్తించడమే ప్రాణాధారమైంది.

మన ప్రాంత అనుభవమూ ఇదే చెబుతుంది. హైదరాబాద్‌లోని నాలుగు ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి, రాధా రమాదేవి బృందం 2004లో ఫలితాలను ప్రచురించింది. సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం కనిపించింది. సకాలంలో మందు ఇవ్వకపోతే ఆ బిడ్డకు బుద్ధిమాంద్యం వస్తుంది.

2011లో మొదలైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం, ఆసుపత్రిలో ప్రసవమైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తుంది. 14, 21వ రోజుల్లో అడగవలసిన ప్రశ్నలు మూడు: ఒళ్లు ఇంకా పచ్చగా ఉందా? మలం సున్నంలా పాలిపోయిందా? మూత్రం గుడ్డకు పసుపు మరక చేస్తోందా? ఒళ్లు పచ్చగానే ఉంటే రక్తపరీక్ష చేయించాలి. మలం పాలిపోయినా, మూత్రం మరక చేసినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. పసరు పోయించడం, వాతలు పెట్టించడం వల్ల నయం కాదు సరికదా, విలువైన రోజులు పోతాయి.

అభ్యాసం: దీర్ఘకాల కామెర్ల నిర్ధారణలో 1916, 1959 సంవత్సరాల ప్రాధాన్యాన్ని వివరించండి.