అక్కచెల్లెండ్ర కబురు

పోచారము చెఱువును జూడవచ్చువారు, ఆలేరు వాగుపై 1916 మొదలు 1922 వఱకు కట్టిన యానకట్టను జూచి సంతసింతురు. ఆ కట్ట లేని పందొమ్మిదవ శతాబ్దమున ఈ పల్లెలందు ఎడబాసిన తోబుట్టువులకు ఒకరి మంచిచెడ్డ లొకరి కెట్లు తెలియుచుండెను? పూర్వము బంధుప్రీతి మెండనియు, నేడది సన్నగిల్లినదనియు బలువురు వాపోవుదురు. ఆ ప్రీతి యెవరి కాళ్లపై నడిచినదో వారు విచారింపరు.

తోబుట్టువులను విడదీసినవి ముఖ్యముగ రెండు: ఆడపిల్లకు పెండ్లి, మగవానికి బ్రతుకుతెరువు. తెలంగాణము నుండి కూలికై బొంబాయి చేరినవారిని అచట కామాఠులనిరి. కామాఠీపురమను పేట వారి పేరనే వెలసినది. కామారెడ్డి మీదుగ మన్మాడు పోవు రైలుమార్గము ఆ శతాబ్దాంతమునగాని రాలేదు. అంతవఱకు కాలినడకయో, ఎడ్లబండియో శరణ్యము.

అత్తవారింటనున్న చెల్లెలిని జూచుటకు పెద్దలు చక్కని యుపాయము కల్పించిరి. బతుకమ్మ పండుగకు అన్న పోయి చెల్లెలిని దోడితెచ్చును. కొన్నియేండ్ల కొకతూరి పుట్టింటివారు ఆమెకు ఒడిబియ్యము పోయుదురు. పసుపు గలిపిన బియ్యము, కుడుకలు, రవికెగుడ్డ ఇవి పైకి గనబడునవి. ఆమె చిక్కినదో, ఒంటిపై దెబ్బ యున్నదో తల్లి కన్నులార చూచుట దాని యసలు ప్రయోజనమని మేము తలంచుచున్నాము. ఒడి నింపుట నెపము. మనసు విప్పించుట ఫలము.

జబ్బు, చావు పండుగవఱకు ఆగవు. అట్టి కబురులను చాకలియో, మంగలియో మోసెడివారు. దొరల యిండ్ల కబురైనచో అది వెట్టి. కూలి లేదు, కాదనుటకు వీలు లేదు. ఆ చాకలికిని అక్కచెల్లెండ్రు గలరుకదా! అతని తల్లి మంచమెక్కినపుడు వారికి జెప్ప నెవడు పోయెను? మనము పొగడు బంధుప్రీతిలో ఈ ఋణము లెక్కకు రాలేదు.

తరువాత టపా వచ్చినది. నిజాము రాజ్యము 1869లో సొంత తపాలా బిళ్లలను వెలువరించినది. 1871 నాటి బిళ్లలపై పారసీ, ఇంగ్లీషు, మరాఠీలతోపాటు తెలుగక్షరములును గలవు. బిళ్లకు అక్షరము లబ్బినవి గాని చెల్లెలికి అబ్బలేదు. 1901 జనాభా లెక్కలలో భారతదేశమున నూటికొక్క స్త్రీయైనను చదువెఱిగినది కాదు. ఆమె జాబు వేఱొకరు వ్రాయవలెను, వచ్చిన జాబు వేఱొకరు చదువవలెను. అత్త వినుచుండగా దుఃఖమెట్లు వ్రాయించును? కావున జాబునిండ "అందఱము క్షేమము". ఒడిబియ్యమునాడు తల్లి చెవిలో జెప్పగలిగిన మాటను జాబు మోయజాలకపోయెను.

1921లో హైదరాబాదున బుట్టిన ఆంధ్ర జనసంఘము వెట్టి నెదిర్చినది. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ గారి యధ్యక్షతన మహిళాసభయు జరిగినది. వీనిని రాజకీయ చరిత్ర యని మాత్రమే చదువుట పొరపాటు. చాకలి కాళ్లకు విడుదలయు, చెల్లెలి చేతికి కలమును గోరుట కుటుంబ చరిత్రయే.

నేడు టెలిఫోను లేని యిల్లరుదు. అయినను ఆమె మాటాడునపుడు పక్కన నెవరున్నారో మనము తెలిసికొనుచున్నామా? ఏటికొకమాఱైనను పోయి ముఖము చూచి, ఒంటరిగ మాటాడనిచ్చి రావలెను. పెద్దలనుండి మనము నేర్వవలసినది అంతియే.