విమాన ప్రయాణికుల నెలవారీ సంఖ్య

విమాన ప్రయాణికుల నెలవారీ సంఖ్య అనగా ఒక క్యాలెండరు నెలలో విమానాలలో ప్రయాణించినవారి మొత్తం. భారతదేశంలో దేశీయ ప్రయాణికుల సంఖ్యను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ప్రతి నెలా ప్రకటిస్తుంది. కేంద్ర పౌర విమానయాన శాఖకు ఉత్తరాంధ్ర నుండి ఇద్దరు మంత్రులు వచ్చారు. 2014-18 మధ్య విజయనగరానికి చెందిన పూసపాటి అశోక్ గజపతి రాజు ఈ శాఖను నిర్వహించగా, కోటబొమ్మాళి మండలం నిమ్మాడకు చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో ఆ బాధ్యతలు స్వీకరించారు. అయితే శ్రీకాకుళం జిల్లాకు సొంత విమానాశ్రయం లేనందువలన కోటబొమ్మాళి పరిసరాలవారి ప్రయాణాలు విశాఖపట్నం లెక్కలోనే చేరుతూ వచ్చాయి.

రెండు రకాల లెక్కలు

డీజీసీఏ లెక్క విమాన సంస్థల నుండి వస్తుంది. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ లెక్క విమానాశ్రయాల నుండి వస్తుంది. ఈ రెండవ పద్ధతిలో ఎక్కినవారినీ దిగినవారినీ కూడా లెక్కిస్తారు. విశాఖపట్నం నుండి హైదరాబాదు వెళ్ళిన వ్యక్తి అక్కడ ఒకసారి, ఇక్కడ ఒకసారి లెక్కకు వస్తాడు. అందువలన విమానాశ్రయాల సంఖ్యలన్నిటినీ కూడి దేశ ప్రయాణికుల సంఖ్య అనుకోవడం పొరపాటు. వార్తాపత్రికలలో ఈ పొరపాటు అరుదు కాదు.

ఋతువులు, పండుగలు

2024లో దేశీయ ప్రయాణికులు ఏప్రిల్‌లో సుమారు 132 లక్షలు, మే నెలలో 138 లక్షలు, జూలైలో 130 లక్షలు, డిసెంబరులో 149 లక్షలు. ఇది సాధారణ సంవత్సరపు తీరు. మే నెలలో పాఠశాలలకు సెలవులు, వైశాఖ మాసపు పెళ్ళిళ్ళు ఉంటాయి. జూలై నుండి సెప్టెంబరు వరకు వర్షాకాలం. విహారయాత్రలు తగ్గుతాయి, ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. దసరాతో మళ్ళీ పెరుగుదల మొదలై డిసెంబరులో శిఖరానికి చేరుతుంది.

సంక్రాంతి సౌరమానాన్ని అనుసరించే పండుగ గనుక ఎప్పుడూ జనవరి మధ్యలోనే వస్తుంది. దీపావళి అలా కాదు. అది 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. అందుచేత అక్టోబరును గత ఏడాది అక్టోబరుతో పోల్చినా న్యాయమైన పోలిక కాకపోవచ్చును. ఆ రెండు నెలలనూ కలిపి చూడడం మేలు.

రోజుల లెక్క

2025 జనవరిలో 146.11 లక్షల మంది, ఫిబ్రవరిలో 140.44 లక్షల మంది ప్రయాణించారు. పైకి చూస్తే తగ్గుదల. కాని జనవరికి 31 రోజులు, ఫిబ్రవరికి 28 రోజులు. రోజుకు సగటున జనవరిలో 4.71 లక్షలు, ఫిబ్రవరిలో 5.02 లక్షలు, అంటే రద్దీ పెరిగింది. ఫిబ్రవరి 26 వరకు ప్రయాగరాజ్‌లో మహాకుంభమేళా జరిగిన సంగతిని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంకొక చిక్కు ఉన్నది. 2024 లీపు సంవత్సరం. ఆ ఫిబ్రవరిలో 29 రోజులకు 126.48 లక్షల మంది ప్రయాణించారు. ప్రకటించిన వృద్ధి 11 శాతమే అయినా, రోజువారీ సగటు ప్రకారం అది 15 శాతం.

అసాధారణ నెలలు

కరోనా కారణంగా 2020 మార్చి 25 నుండి దేశీయ విమానాలు నిలిచిపోయాయి. ఏప్రిల్ నెల మొత్తం అవి నడవలేదు. మే 25న తిరిగి మొదలైనా, ఆంధ్రప్రదేశ్‌లో ఒకరోజు ఆలస్యంగా మే 26న ఆరంభమయ్యాయి. ఆ నెల ప్రయాణికులు 2.81 లక్షలు. 2021 మే నెలలో రెండవ విడత విజృంభణ వలన సంఖ్య ఏప్రిల్‌లోని 57.25 లక్షల నుండి 21.15 లక్షలకు పడిపోయింది. అయినా గత ఏడాది మే నెలతో పోల్చితే అది ఏడున్నర రెట్లు! ఆధార సంఖ్య మరీ చిన్నదైనప్పుడు శాతాలు ఇలాగే మోసగిస్తాయి.

2025లో మే నెల ఏప్రిల్ కంటే తగ్గి 140.56 లక్షలైంది. సరిహద్దు ఉద్రిక్తతల వలన ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను ఆ నెలలో కొన్ని రోజులు మూసివేశారు.

విశాఖపట్నం

ఈ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగాలో ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను టెర్మినల్ భవనాన్ని దెబ్బతీయడంతో, పండుగల నెలలోనే కొన్ని రోజులపాటు విమానాలు నిలిచిపోయాయి. 2018-19లో ఇక్కడ 28 లక్షలకు పైగా ఉన్న రాకపోకలు 2020-21లో సుమారు 11 లక్షలకు తగ్గాయి.

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. పౌర విమానాలు ఒకచోటి నుండి మరొకచోటికి మారే నెలలో పాత విమానాశ్రయపు సంఖ్య హఠాత్తుగా పడిపోతుంది, కొత్తదాని సంఖ్య సున్నా నుండి లేస్తుంది. కాబట్టి ఉత్తరాంధ్ర ప్రయాణికుల లెక్క తెలియాలంటే ఆ రెండు వరుసలనూ కలిపి చదవాలి.